ప్లేడేను అమ్ముకొనరాదు

ఉదయము ఎనిమిది గంటల వేళ చెన్నూరు బస్టాండులో కొంతసేపు నిలుచున్నవారికి ఒక దృశ్యము నిత్యమును కనబడును. మంచిర్యాల వైపు పోవు బస్సు కొరకు, సద్దిడబ్బా చేతబట్టుకొని, తడి ఆరని తలలతో మాటలాడుకొనుచు కొందరు పనివారు వేచియుండగా, ఆ వైపునుండియే వచ్చి ఆగిన బస్సులోనుండి, కన్నులు జేవురించి, మాట పెగలని అలసటతో, బొగ్గుబాయిలోనో విద్యుత్కేంద్రములోనో రాత్రి షిఫ్టు ముగించుకొన్నవారు దిగుచుందురు. ఒకరికి పగలు ఆరంభమగుచోట మరియొకరికి రాత్రి ఆరంభము కావలసియున్నది. కాని దిగినవానికి ఆ రాత్రిని ఎవరును ఈయరు. అతడు ఇల్లు చేరునప్పటికి వీధిలో కూరగాయల బండి మైకు మ్రోగుచుండును; ఎదురింటి శుభకార్యమునకు తెచ్చిన డీజే పెట్టెలు గోడలను కదలించుచుండును; కిస్తీ అడుగుటకు ఒకరును, పెండ్లిపత్రిక నిచ్చుటకు వేరొకరును తలుపు తట్టుచుందురు. మధ్యాహ్నము భోజనమునకు లేపుదురు. మరల కునుకు పట్టునంతలో బడినుండి పిల్లలు వత్తురు.

ఆరోగ్యమును గూర్చి నేడు ఉపదేశములకు కొదువ లేదు. చేతిలోని ఫోను తెరచిన చాలును, నలువది నిమిషములు పరుగెత్తుమనియు, బరువులెత్తుమనియు, డబ్బాలోని పొడిని పాలలో కలిపి త్రాగుమనియు బోధించువారు వందలకొలది కనబడుదురు. వారి మాటలలో పెక్కులు సత్యములే. అయినను అవి యన్నియు పగలెల్ల కుర్చీలో కూర్చుండి సాయంకాలమున దేహమును కదలించుటకు తావు వెదకుకొను నగరవాసిని తలచుకొని చెప్పినవి. మన గోదావరి తీరపు బాయిల మీదను, పత్తిచేలలోను, వరిమళ్లలోను శ్రమకు కరువు లేదు. శ్రమించిన దేహమునకు అన్నరూపమునను, నిద్రారూపమునను, విరామరూపమునను మనము తిరిగి చెల్లింపవలసిన ఋణము మాత్రము ఏండ్ల తరబడి పేరుకొనిపోవుచున్నది.

శ్రమయు వ్యాయామమును ఒకటి కావు. పత్తి ఏరు స్త్రీ ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గూకువరకు వంగియే యుండును. ఆమె దేహమున కొన్ని కండరములు తెగునంతగా లాగబడును, కొన్ని నాళ్ల తరబడి కదలనే కదలవు. రాత్రికి నడుము గుంజుతున్నదని మాత్ర వేసికొని పరుండును. ఆమెతో 'నీకు వ్యాయామము చాలదు' అనుట క్రూరము. 'నీకు వ్యాయామము అక్కరలేదు' అనుట అజ్ఞానము. వంగినది నిటారగుటయు, ముడుచుకొన్నది చాచుకొనుటయు, పడిన భారమునకు ఎదురుదిక్కున దేహమును నడిపించుటయు ఆమెకు కావలసిన వ్యాయామము. మన ప్రాచీన వైద్యులు వ్యాయామపు మితికి 'అర్ధశక్తి' యను చక్కని మాట వాడిరి: తనకు గల బలములో సగము వ్యయమగువరకే, నుదుట చెమట పట్టి నోట ఊపిరి విడువవలసిన దశ వచ్చువరకే వ్యాయామము చేయవలెననియు, ఆపై చేసినది దేహమునకు హాని యనియు వారి నిర్ణయము. చరకుడు దేహమును నిలుపు మూడు ఉపస్తంభములను చెప్పుచు ఆహారము సరసన నిద్రను నిలిపెను గాని వ్యాయామమును నిలుపలేదు. ఈ ముక్కను నేను పలుమార్లు తలపోసితిని.

ఇక బాయిల సంగతి. యంత్రములు రాని తట్టా చెమ్మస్ కాలమున కోల్ ఫిల్లరు భూగర్భమున బొగ్గును తట్టలకెత్తి టబ్బులు నింపెడివాడు. నింపిన టబ్బులను బట్టి కూలి. ఆ పని చేయు దేహమునకు కంచము నిండుగా అన్నము చాలెడిది కాదు. పిదప బొగ్గునెత్తు ఎస్‌డీఎల్ యంత్రములు దిగినవి, ఓపెన్‌కాస్టు గనులు తెరువబడినవి. ఆ కోల్ ఫిల్లరు కుమారుడు నేడు డంపరు మీద కూర్చుండి, షిఫ్టు పొడుగునను యంత్రపు అదురును వెన్నెముకతో భరించుచు, స్టీరింగు త్రిప్పుచున్నాడు. తండ్రి కంచము అతనికి వారసత్వముగా వచ్చినది, తండ్రి చేసిన పని రాలేదు. ముప్పదియైదేండ్లకే పొట్ట పెరిగి, చక్కెర రోగమో రక్తపుపోటో పట్టినదని వైద్యుడు చెప్పినప్పుడు, 'నేను తాగుడు తిరుగుడు లేనోన్ని, నాకెందుకొచ్చింది సారూ?' అని అతడు వాపోవుటలో న్యాయము లేకపోలేదు. అతడు తప్పు చేయలేదు. అతని పని మారినదని అతని వంటయింటికి ఎవరును చెప్పలేదు, అంతియే.

ఆ కంచము చరిత్ర కొంత చెప్పవలసియున్నది. మన తాతముత్తాతలు జొన్నగటకయు, మక్కగటకయు, అంబలియు త్రాగి బ్రతికిన ఈ నేలమీదికి, 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చెను. 2025 ఉగాదినుండి రేషను దుకాణములలో మనిషికి 6 కిలోల సన్నబియ్యము ఇచ్చుచున్నారు. పస్తులెరిగిన ఇండ్ల కడుపు నింపిన ఆ బియ్యమును నిందించుటకు నాకు నోరు రాదు. పండుగనాడు మాత్రమే తెల్లయన్నము చూచిన అవ్వలు, మనుమలు రెండు పూటలా దానిని తినుచుండగా చూచి కన్నులు తుడుచుకొనుటను కనులార చూచిన తరము మనది. కాని ఇప్పుడు వేరొక మాట వినబడుచున్నది: పూర్వులు జొన్న తిని ఉక్కువలె ఉండిరి, మరల జొన్నకు పోయినచో సర్వరోగములును తీరునని. ఇదియు సగము సత్యమే; తక్కిన సగము పరిశోధనశాలలో తేలినది.

1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు కూనూరులో బెరిబెరి విచారణకని స్థాపించిన చిన్న పరిశోధనశాల, క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధమైనది. ఆ సంస్థ నేతయైన సి. గోపాలన్, సహచరుడు శ్రీకాంతియాతో కూడి 1960 ప్రాంతమున శ్రద్ధగా పరిశీలించిన వ్యాధులలో పెల్లాగ్రా యొకటి. మెడచుట్టును చేతులమీదను ఎండ సోకినచోట చర్మము నల్లబారి పగులుట, విరేచనములు, మతి చలించుట దాని లక్షణములు. అది దక్కను పీఠభూమిలో జొన్నయే ప్రధానాహారముగా తిను పేదలయందు కనబడినది. జొన్నలో అధికముగా నుండు లూసిన్ అను పదార్థము ఇందులకు కారణమని వారు వాదించిరి. ఆ వాదముపై పిదప చర్చలు జరిగినను, ఒక్క విషయము నిలిచినది: జొన్నతోబాటు పప్పు, పాలు, ఆకుకూర, మాంసము కొద్దికొద్దిగానైనను తిన్న ఇండ్లకు ఆ వ్యాధి అంతగా సోకలేదు. మెక్‌కారిసన్ అంతకు మున్నే దేశపు పలుప్రాంతముల భోజనములను వేరువేరుగా ఎలుకలకు పెట్టి చూడగా, గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలు తిను పంజాబీల ఆహారముతో అవి పుష్టిగా పెరిగినవి; పాలిష్ బియ్యమే ప్రధానమైన మదరాసు ఆహారముతో మిక్కిలి క్షీణించినవి. కావున ఏ ధాన్యమును దేవత కాదు, ఏదియు రాక్షసి కాదు. ధాన్యము సరసన ఏమి యున్నదని కంచము నడుగవలెను.

మన కంచము సరసన ఏమి లేదో చెప్పుట సులభము. జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవారికి దేహపు బరువులో ప్రతి కిలోకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు వలయును. 60 కిలోల మనిషికి ఇది సుమారు 50 గ్రాములు. దినమెల్ల తిను 300 గ్రాముల బియ్యములో ఇరువదికి పైచిలుకు వచ్చును గాని, కండను కట్టుటకు వలయు లైసిన్ అందులో కొరత. ఆ కొరతను పప్పుధాన్యములు తీర్చును. డబ్బా పొడికి వేలు వెచ్చింపనక్కరలేదు. గుప్పెడు పెసర్లో బొబ్బెర్లో రాత్రి నానబెట్టి ప్రొద్దున గుడాలుగా ఉడికించి, ఉల్లిపాయ చల్లుకొని తినుట మన పల్లెలు మరచిన పని కాదు. వర్షాకాలపు సాయంత్రము అనుమల గుడాలు వలదను ఇల్లు ఈ ప్రాంతమున ఏది? వానిని చిరుతిండి స్థానమునుండి భోజనస్థానమునకు పిలుచుకొని, అన్నమును రెండు హస్తముల మేర తగ్గించి, పుంటికూరయో గంగవాయిలి కూరయో పప్పులో వేసి, వీలైననాడు గ్రుడ్డు ఒకటి చేర్చుకొన్నచో, కంచము తనంత తాను సరియగును. సన్నబియ్యము ఇచ్చు ప్రభుత్వము, అందులో ఒక కిలో తగ్గించియైనను, దానికి మారుగా పెసరపప్పో కందిపప్పో ఇచ్చిన యెడల, ఎన్ని ఆసుపత్రి పడకలకన్నను మేలు చేసినది కాగలదని నా దృఢాభిప్రాయము.

నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇప్పుడు చెప్పెదను. సింగరేణి బొగ్గుగనులలో వారపు సెలవును 'ప్లేడే' యందురు. ఆ మాట ఎవరు పెట్టిరోగాని గొప్ప వివేకముతో పెట్టిరి. దానిని పనిదినముగా మార్చుకొన్నవారికి రెట్టింపు కూలి దొరకును. అందుచేత ప్లేడే డ్యూటీ కొరకు పోటీ, పైరవీ, దొరకనివారికి అలుక. ఇంటి కిస్తీలు, పిల్లల ఫీజులు, చెల్లెలి పెండ్లి అప్పు ఉన్నవానికి ఆ రెట్టింపు కూలిని వదలుకొనుమని చెప్పుట తేలిక కాదని నేనెరుగుదును. అయినను చెప్పుచున్నాను, ఏలయన అతడు అమ్ముచున్నది ఒక దినమును కాదు. కండరము పనిచేయునప్పుడు పెరుగదు. పని ముగిసిన పిదప ఒకటి రెండు దినములపాటు, అన్నమునుండి వచ్చిన సరుకుతో, ముఖ్యముగా గాఢనిద్రలో, మరమ్మతు జరుగును. ఆ మరమ్మతు గంటలనే మనము అంగడికి తెచ్చుచున్నాము.

అందునను రాత్రి షిఫ్టు వానికి నష్టము రెండింతలు. దేహమునందలి గడియారము కణములలో ఎట్లు తిరుగునో కనుగొన్న మువ్వురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. ఆ గడియారము ప్రకారము అర్ధరాత్రి జీర్ణవ్యవస్థ మందగించును. అదే అన్నము పగలు తిన్నదానికంటె రాత్రి తిన్నప్పుడు రక్తములో చక్కెరను ఎక్కువగా పెంచును. రాత్రి షిఫ్టును క్యాన్సరు కారకము కావచ్చునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లోను మరల 2019లోను ప్రకటించినది. కావున డ్యూటీకి పోకమునుపే కడుపునిండ తిని, నడిరేయి అంబలియో, మజ్జిగయో, గుప్పెడు పల్లీలో తీసికొని, తెల్లవారుజామున మూడు గంటలు దాటిన తరువాత చాయ మానివేసి, తిరిగి వచ్చునప్పుడు ప్రొద్దుటి ఎండ కంటబడకుండ తలకు తువ్వాల కప్పుకొని, ఇంటిలో కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టించుకొని, ఫోనును వేరొకరి చేతికిచ్చి, ఏడు గంటలు నిద్రింపవలెను. మందు త్రాగినచో నిద్ర వచ్చునని నమ్మువారు కలరు. త్వరగా వచ్చుట నిజమే, నడుమ తెగిపోవుటయు అంతే నిజము.

ఇందు సగము అతని చేతిలో లేదు. ఇంటిముందు పగటివేళ మైకు పెట్టువాడు, అక్కడ నొకడు నిద్రించుచున్నాడని ఎరుగవలెను. రాత్రి పది దాటిన పిదప లౌడుస్పీకరు వలదను చట్టము మనకున్నది. బాయి షిఫ్టుల ఊళ్లలో పగటికిని కొన్ని మౌనపు గంటలను పురపాలకసంఘము నిర్ణయించిన నేమి?

ఈ మాటలన్నియు ఒకనాడు ఒక మిత్రుని ఇంట చెప్పుచుండగా, లోపల రొట్టెలు చేయుచున్న అతని భార్య పీటమీదనుండియే అడిగినది: 'అన్నా, ఆయన మొదటి షిఫ్టుకు పోతే నేను నాలుగింటికి లేస్త, రెండో షిఫ్టు నుంచొస్తే పన్నెండు దాక కూసుంట, నైట్ షిఫ్టయితే పగలంత పోరగాండ్లను లొల్లి చేయకుండ పట్టుకుంట. నా ప్లేడే ఏ రోజు?' నేను ప్రత్యుత్తరము చెప్పలేకపోయితిని. మిత్రుడు తలవంచుకొనెను. ఆమె మరల రొట్టె తట్టసాగినది.

ఆనాటినుండి నేను ఆరోగ్యమును గూర్చి మగవారికి చెప్పు ప్రతి మాటను ఆమెనుద్దేశించి మరల చెప్పుకొని చూచుచున్నాను. పెక్కు మాటలు నిలువలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారమునకు 150 నిమిషముల చురుకైన నడకను, రెండుమార్లు కండరములకు బలము నిచ్చు వ్యాయామమును విధించినది. గుంజీలు తీయుటకు ఇంటి గడపయే చాలును. నడకకు తావు వలయును. బతుకమ్మ తొమ్మిది రాత్రులు వంగుచు, లేచుచు, చప్పట్లు చరచుచు గంటలకొలది తిరుగు స్త్రీలకు నడకయందు అశక్తి యున్నదని ఎవరనగలరు? పదవనాటినుండి వారికి బయటకు పోవు కారణము మిగులదు, వెలుతురు మిగులదు, అంతియే భేదము. మన చెన్నూరు వద్ద గోదావరి ఉత్తరవాహినియై ప్రవహించును. 2027లో పుష్కరములు రానున్నవి, ఘట్టములకు నిధులు వచ్చును. ఆ నిధులలో కొంత వెచ్చించి, ఊరినుండి నదివరకు ఇరువైపుల నీడచెట్లతో, రాత్రి తొమ్మిదివరకు ఆరని దీపములతో, నడుమనడుమ కూర్చుండుటకు అరుగులతో, ఒక నడకదారిని వేయవలెను. ఆమె పని ముగియువేళ ఎనిమిదిన్నర. దీపములు అప్పటికి వెలుగుచుండవలెను.