ఫ్లెక్సీ మీద మేయరు, బ్యాలెట్‌లో కనిపించడు

కోరమంగల నుంచి బెళ్లందూరు, దొమ్మసంద్ర మీదుగా సర్జాపుర చేరే రోడ్డుకు ఇరుపక్కలా రెండు రకాల బొమ్మలు కనిపిస్తుంటాయి. ఒకటి అపార్టుమెంట్లవి, రెండోది నాయకులవి. అసలు ఊరు ఎక్కడో ఉండగానే ‘సర్జాపుర రోడ్డు’ అని పేరు పెట్టి ఫ్లాట్లు అమ్మేస్తారు. నాయకుల వ్యవహారమూ ఇంచుమించు అంతే. ఉగాది శుభాకాంక్షలతో లేచిన ఫ్లెక్సీ, ఎన్నికల మాట వినబడగానే ‘కాబోయే మేయర్’ అయి కూర్చుంటుంది.

ఇంతకీ ఆ మేయరుకు ఓటేసేదెవరు? సర్జాపుర వాసి కాదు. బీబీఎంపీ ఉన్నన్నాళ్లూ ఆనేకల్ తాలూకాలోని ఈ ఊరు దాని 198 వార్డుల్లో లేనే లేదు. పోనీ బెళ్లందూరులో ఉన్నవాడా? అతనూ కాదు! అతను వేసేది కార్పొరేటరుకు. మేయరును ఎన్నుకునేది సభలో కూర్చున్నవాళ్లు.

హైదరాబాదు నుంచి వచ్చిన పాతకాపులకు ఇది వింతగా తోచవచ్చు. 2002లో అక్కడ జనమే నేరుగా ఓటేసి తీగల కృష్ణారెడ్డిని మేయరును చేశారు. తర్వాత అక్కడా ఆ పద్ధతి పోయింది. బెంగళూరు తీరు ఎలాంటిదో 2015 చెప్పింది. ఆ ఏడాది ఆగస్టు 22న జరిగిన పోలింగులో 198 వార్డులకుగాను బీజేపీ 100 గెలిచింది. కాంగ్రెస్‌కు 76, జేడీఎస్‌కు 14. మేయరు మాత్రం కాంగ్రెస్ మనిషి, మడివాళ కార్పొరేటరు మంజునాథరెడ్డి అయ్యారు. జేడీఎస్ చేయి కలిపింది, ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీల ఓట్లు తోడయ్యాయి. చట్టప్రకారం తప్పేమీ లేదు. కానీ పోస్టరు చూసి ఓటేసినవాడికి ఈ లెక్క ముందే ఎవరు చెప్పారు?

పైగా అప్పట్లో మేయరు గిరీ ఏడాదే. ఏ ఏడు ఏ వర్గానికి రిజర్వు అవుతుందో ప్రభుత్వం తేల్చాలి. 2020 నాటి బీబీఎంపీ చట్టం గడువును 30 నెలలకు పెంచింది. ఆ చట్టం కింద ఒక్క మేయరూ కుర్చీ ఎక్కలేదు. పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో తీరిపోయింది, ఐదేళ్లు గడిచినా ఎన్నిక జరగలేదు. 2025 సెప్టెంబరు 2న నగరాన్ని ఐదు పాలికెలుగా విడదీశారు. అంటే ఐదుగురు మేయర్లు. ఫ్లెక్సీలు కుట్టేవాళ్లకు పండగే!

హామీల సంగతి ఇంకా తమాషా. కావేరి నీళ్లు తెప్పిస్తామంటారు. నీళ్లు జలమండలివి. ట్రాఫిక్ తీరుస్తామంటారు. అది పోలీసులది. బస్సులు బీఎంటీసీవి, కరెంటు బెస్కాంది. మేయరు చేతిలో లేని పనులన్నీ మేయరు బొమ్మ కింద అచ్చేస్తే అది ప్రచారమా, బ్రోకరు మాటా? వార్డులో మోరీ, వీధిదీపం, చెత్తబండి సంగతి మాత్రం ఎక్కడా కనబడదు. అవి కార్పొరేటరు గట్టిగా అడిగి చేయించగల పనులు మరి.

ఖర్చెవరిదో కూడా తేలదు. ఫ్లెక్సీ అడుగున ‘అభిమానులు’ అని వరసగా చిన్న ఫొటోలు ఉంటాయి. అసెంబ్లీ, లోక్‌సభ అభ్యర్థుల ఖర్చు లెక్క చట్టప్రకారం నామినేషన్ నాటి నుంచే మొదలవుతుంది. అంతకుముందు నెలల తరబడి వేలాడిన గుడ్డ ఏ పద్దులో పడుతుంది? టీవీలో రాజకీయ ప్రకటన వేయాలంటే ముందుగా చూపించి అనుమతి పొందాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. అది మన తెలుగు చానల్ జెమినీ టీవీ కేసులోనే. కరెంటు స్తంభానికి కట్టే ఫ్లెక్సీకి అంత విచారణ లేదు. 2018 ఆగస్టులో హైకోర్టు మందలించాక బీబీఎంపీ వేల ఫ్లెక్సీలు పీకించింది, హోర్డింగులు వద్దని సభలో తీర్మానమూ చేసింది. పీకిన చోట మళ్లీ మొలిచాయి.

తెలుగువాళ్ల వీధుల్లో తెలుగులో కరపత్రం పంచితే సంతోషమే. ఇంటి భాషలో అడిగినంత మాత్రాన మొహమాటపడక్కర్లేదు. కరపత్రం తెచ్చినాయన్ని గుమ్మంలోనే రెండు ప్రశ్నలు అడగొచ్చు. మా వీధి మోరీ ఎప్పుడు తీయిస్తారు? గెలిచాక సభలో మేయరుగా ఎవరికి చెయ్యెత్తుతారు? రెండోదానికి జవాబును ఆ కరపత్రం మీదే రాసి సంతకం పెట్టమనాలి.