చేప ఒంటి జిగురు - మన బకెట్ నురగ

మొన్న ఆదివారం కడుగుతుంటే కొరమీను చేతిలోంచి జారి తొట్టిలో పడింది. "పాడు జిగురు, ఎంత తోమినా వదలదు!" అని విసుక్కున్నాను. గుమ్మంలో కూర్చున్న చేపలమ్మే మామ్మ నవ్వింది. "ఆ జిగురే దానికి కాపు తల్లీ. అది పోతే నీళ్లలో ఉన్నా బతకదు" అంది.

మామ్మ బడికి వెళ్లి చదివింది కాదు గానీ, చెప్పింది మాత్రం శాస్త్రమే. మన చర్మం పైన మృతకణాల పొర ఒకటి ఉంటుంది. బట్టలు ఉతికినా, అంట్లు తోమినా మొదటి దెబ్బ అదే కాస్తుంది. మంచినీటి చేపలు చాలావాటికి ఆ పొర లేదు. పైచర్మం చివరిదాకా ప్రాణమున్న కణాలే. వాటి మధ్యనున్న జిగురు కణాలే ఒంటికి పల్చని తొడుగు వేస్తాయి.

సబ్బుపొడి పని జిడ్డును లాగేయడం. అది చీర అంచున నూనె మరకా, చేప ఒంటి కణమా అని చూడదు. ఆ నీళ్లు తగిలితే చేప మొదట ఇంకా జిగురు ఊరిస్తుంది. మోతాదు పెరిగి, రోజుల తరబడి అలాగే ఉంటే జిగురు కణాలు వట్టిపోతాయి. పైకణాలు ఉబ్బి రాలిపోతాయి. ఆ పుండ్లలోంచి బూజు, బాక్టీరియా లోపలికి చొరబడతాయి. మొప్పలదీ అదే గతి.

1960లలో అమెరికా, యూరప్ నదులు నురగతో నిండితే, అక్కడ త్వరగా విచ్ఛిన్నమయ్యే రకం డిటర్జెంట్లకు మారారు. ఆ రకమైనా విడిపోవాలంటే సూక్ష్మజీవులూ, గాలీ, కొంత వ్యవధీ కావాలి. శుద్ధి చేయని మురుగును నేరుగా చెరువులోకి వదిలితే ఆ అవకాశమెక్కడిది? 2015లో బెంగళూరు బెళ్లందూరు చెరువు నురగ రోడ్ల మీదికి ఎగిరిందంటే ఎగరదూ మరి!

నేరమంతా ఆడవాళ్లదే అని నేననను. మురుగు శుద్ధి చేయాల్సింది మునిసిపాలిటీలు. నురగే తెలుపని టీవీలో నమ్మించింది కంపెనీలు. కానీ చెంచాడు చాలని ప్యాకెట్ మీద రాసి ఉన్నా గుప్పెడు పోసింది నేనే కదా! నురగ పొంగకపోతే నాకు ఉతికినట్టే ఉండేది కాదు. నిజానికి నురగకూ, మురికి పోవడానికీ సంబంధం తక్కువ.

ఇప్పుడు చెంచాతో కొలిచే వేస్తున్నాను. చీరలు మునుపటిలాగే తెల్లగా ఉన్నాయి. మా సందు కాలువ వెళ్లి కలిసేది ఆ కొరమీను ఈదే చెరువులోనే. మరి మీ ఇంటి కాలువ ఎక్కడికి పోతోందో ఎప్పుడైనా చూశారా?