పడవకు తగ్గ గుర్రాలు

మొన్న ఆదివారం మా మేనల్లుడు తిరుపతి నుంచి చిత్తూరు వచ్చాడు. కాళ్లు కడుక్కుని కాఫీ గ్లాసు అందుకున్నాడో లేదో, "మామా, నలభై గుర్రాల ఇంజను కొందామనుకుంటా ఉండాము. నువ్వేమంటావు?" అన్నాడు.

"ఆ నలభై గుర్రాలకూ ఉలవలు ఎవరు పెడతారు నాయనా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

వాడు చెప్పేది అశ్వశక్తి సంగతి. వాడి ఊరి కుర్రవాళ్లు చందాలు వేసుకుని పడవ కొంటున్నారట. బోరు మీద బోరు వేసినా నీళ్లు పడని సీమలో పడవేమిటని మీరు నవ్వవచ్చు. 2021 నవంబరులో తిరుపతిలో ఉన్నవారు మాత్రం నవ్వరు. ఆ నెల 18, 19 తేదీల వానకు వీధులు కాలువలయ్యాయి; స్వర్ణముఖి పొంగింది. తర్వాత రెండు మూడు రోజులకే రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరుతున్నదని తెలిసి, కింది పల్లెలను ఖాళీ చేయించారు. మావాడి ఊరూ అటువంటి ఒక చెరువు కిందిదే. "సర్కారు పడవ వచ్చేదాకా ముసలోళ్లను మిద్దె మీద కూచోబెట్టుకోని ఉండాల్నా మామా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

వాళ్లు కొనేది గాలి పడవే గాని, ఉత్త గాలి పడవ కాదు. అడుగు ఫైబరుగ్లాసుతోనో అల్యూమినియంతోనో చేసిన గట్టి అడుగు. చుట్టూ గాలి నింపిన లావాటి గొట్టాలు. 1960లలో వేల్సులోని అట్లాంటిక్ కాలేజీలో, డెస్మండ్ హోర్ అనే విశ్రాంత నౌకాధికారి విద్యార్థులతో కలిసి ఈ రకం పడవను రూపొందించాడు. ఆ హక్కులను బ్రిటన్‌లోని ప్రాణరక్షక పడవల సంస్థకు ఒక్క పౌనుకు ఇచ్చేశాడు. అడుగు గట్టిది గనుక నీటిని కోసుకుపోతుంది. గొట్టాలున్నాయి గనుక లోపలికి నీళ్లు వచ్చినా తేలుతుంది.

"నలభై ఎందుకురా?"

"అంగడాయన చెప్పినాడు. ఎంత పెద్దదైతే అంత మంచిదంట."

అంగడాయన అమ్ముకునేవాడు, లెక్క వేసుకోవలసింది మనం. కాగితం తెమ్మన్నాను. పడవ 150 కిలోలు. ఇంజను 55. పెట్రోలు, డబ్బా కలిసి 25. మనిషికి 65 చొప్పున ఆరుగురికి 390. వెరసి 620. ఒక్కో గుర్రానికి ఇరవై కిలోలు దాటకుంటే పడవ నీటి మీదికి లేచి జారిపోతుందని ఒక మోటు లెక్క. ఆ ప్రకారం సుమారు ముప్పై గుర్రాలు చాలు. పైగా ఎన్ని గుర్రాల దాకా కట్టవచ్చో తయారుచేసినవారే ఒక రేకు మీద వేసి పడవకు బిగిస్తారు. ఆ అంకె దాటరాదు.

పెద్ద ఇంజనుతో నష్టమేమిటంటారా? బండి వెనక బరువెక్కితే కాడి పైకి లేవడం మనం చూడనిది కాదు. పడవ అంతే, వెనక బరువెక్కితే ముక్కు ఆకాశం చూస్తుంది. అందుకే తేలికైన ఇంజను మేలు. రెండు స్ట్రోకులది పొగ ఎక్కువైనా బరువు తక్కువ; ట్రాక్టరు మీంచి ఇద్దరు దింపుకోగలరు. నాలుగు స్ట్రోకులది పెట్రోలు పొదుపు చేస్తుంది, కాని సాధారణంగా బరువెక్కువ.

"బరువు సంగతి సరే మామా. పోయిన నెల ఒకరి పడవా, ఇంకొకరి ఇంజనూ అరువు తెచ్చి చెరువులో దించినాము. ఇంజను ఊరంతా లేచేటట్టు అరిచింది గాని, పడవ తాబేలు మాదిరి పోయింది."

అసలు కిటుకు అక్కడే ఉంది. ఇంజను కాలు 15, 20, 25 అంగుళాల పొడవుల్లో వస్తుంది. ఇంజను తగిలించే వెనక పలక ఎత్తును బట్టి కాలు ఎంచుకోవాలి. ప్రొపెల్లరుకు పైన ఒక చదును రేకు ఉంటుంది; అది దాదాపు పడవ అడుగుతో సమంగా ఉండాలి. మరీ పైకుంటే ప్రొపెల్లరు గాలి పీల్చి ఊరికే తిరుగుతుంది. మరీ కిందికుంటే పడవను వెనక్కు లాగుతుంది. వరదలో మునిగిన గోడలూ ముళ్లకంచెలూ ముందు దానికే తగులుతాయి.

కొన్నాక ఆరుగురినీ ఎక్కించి, పూర్తి వేగమిచ్చి చూడాలి. ఇంజను పుస్తకంలో చెప్పిన చుట్లు అందుకోకపోతే పిచ్ తక్కువున్న ప్రొపెల్లరు మార్చాలి. పిచ్ అంటే ఒక్క చుట్టుకు మరలాగా ముందుకు తొలిచే దూరం. అది అంగుళం తగ్గితే నిమిషానికి సుమారు 200 చుట్లు పెరుగుతాయి. ఇంజను పక్కనుంచి సన్నటి నీటిధార వస్తున్నదా అని కూడా కనిపెట్టాలి. అది ఆగితే బురదో ప్లాస్టిక్ సంచో అడ్డుపడిందన్నమాట, వెంటనే ఆపాలి. ఇంటికి తెచ్చాక మంచినీళ్లతో కడగాలి. పడవను నీడలో ఉంచాలి. మన ఎండకు గొట్టాల్లో గాలి బిగిసిపోతుంది.

ఇంతదాకా విన్న మా ఆవిడ పోపు దించి వచ్చి, "నీళ్లలో కొట్టుకుపోయేవాళ్ల దగ్గరికి ఆ చక్రం తిరుగుతూనే పోతుందా?" అని అడిగింది.

మామా అల్లుళ్లం మొహాలు చూసుకున్నాం. ముప్పయ్యా నలభయ్యా అని తెల్లవారిందాకా వాదించినా మాకు తట్టేది కాదు. మనిషి దగ్గరికి వస్తూనే ఇంజను ఆపాలి. తిరిగే రెక్క చెయ్యీ కాలూ చూడదు. నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజను దానంతటదే ఆగేందుకు ఒక తాడు ఇస్తారు. దాన్ని ఒంటికి తగిలించుకోకుండా ఇంజను తిప్పనే కూడదు. ఇక ఆపిన తర్వాత ఆఖరి పది గజాలూ తెడ్డూ గెడే గతి. తడ దగ్గర పులికాట్ సరస్సు చాలాచోట్ల నడుము లోతే. అటువంటి నీళ్లలో గెడను మించిన నేస్తం లేదు.

సాయంత్రం బస్సెక్కేముందు వాడి చీటీ చూశాను. ముప్పై గుర్రాలు, పలక ఎత్తు కొలవాలి, ఆరుగురికీ తేలే చొక్కాలు అని వరసగా రాసుకున్నాడు. అన్నిటికన్నా పైన మాత్రం, "అత్త చెప్పిన గెడ, తెడ్లు రెండు" అని ఉంది.