సభయా? సంతకమా?

స్వరాజ్యమనగా ఢిల్లీలో జరుగు సంగతియని తలంచువారు మనలో నేటికిని పెక్కుమంది కలరు. పార్లమెంటులో ఒక సభ్యుడు బల్ల గ్రుద్ది కేకవేసినచో మరునాటి ఉదయము కాఫీ హోటలులో దానిని గూర్చి గంటసేపు వాదించుకొందుము. కాని మన వీధి కుళాయికి ఏ వేళ నీరు విడువవలెనో నిర్ణయించిన సభ యెన్నడు జరిగెను, అందెవరు మాటలాడిరి, ఎవరు మిన్నకుండిరి యని యెవరైన అడిగినచో బదులు చెప్పగలవాడు వీధికొక్కడైన దొరకడు. పెద్ద సభల ముచ్చట మనకు వినోదము. చిన్న సభల తీర్మానము మనకు జీవనము. వినోదమునందు గల శ్రద్ధలో పదియవ వంతైనను జీవనమునందు చూపకుండుటయే మన స్థానిక స్వపరిపాలనమునకు పట్టిన మొదటి జాడ్యము.

అనంతపురమునకు ఉత్తరమున, హైదరాబాదు-బెంగుళూరు రాజమార్గముమీద నున్న గార్లదిన్నెను ఉదాహరణముగా గైకొందము. ఈ పీఠభూమిపై ఏడాదికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతముననే యుండును. అదియు వేళకు వచ్చునన్న నమ్మకము లేదు. వేరుసెనగ విత్తిన రైతు ఆకాశమువైపు చూచుచు నెలలు గడపును. ఇదే మండలములో పెనకచెర్లయొద్ద పెన్నానదిపై మధ్య పెన్నా జలాశయము కలదు. తుంగభద్ర ఎగువ కాలువ నీరును దానిలో చేరుచుండును. ఐనను జలాశయము చేరువనున్నంత మాత్రాన ఇంటి బిందె నిండదు. ఆ రెంటి నడుమ మోటారు కలదు, పైపు కలదు, ట్యాంకు కలదు, వాల్వు త్రిప్పు మనిషి కలడు, ఆ మనిషికి జీతము కలదు. వీనిలో ప్రతిదియు ఏదో యొక సభలో చేయబడిన తీర్మానముపై ఆధారపడియున్నది. కరవు నేలపై నీటి తీర్మానము తప్పినచో దాని ఫలము తలపై బిందెతో నడుచువారికే తెలియును.

ఈ మండలమునకు మరియొక ప్రసిద్ధి కలదు. 1913లో నీలం సంజీవరెడ్డిగారు జన్మించిన ఇల్లూరు గ్రామము దీనిలోనిదే. ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండగా 1959లో రాష్ట్రమున మూడంతస్తుల పంచాయతీరాజ్య పద్ధతి నెలకొనెను. 1967లో ఆయన లోక్‌సభకు స్పీకరై, దేశమంతటికిని సభను నడుపు మర్యాదను చూపెను. అట్టి పురుషుని కన్న నేలపై సభామర్యాదను గూర్చి మాటలాడుట వింత కానేరదు.

ఇంతకును ఒక పంచాయతీ సభలోగాని, అనంతపురము నగరపాలక సంఘమువంటి పెద్ద సభలోగాని సామాన్యముగా జరుగున దేమి? కార్యక్రమపట్టిక యొకటి వచ్చును. దానినే నేడందరును ఎజెండా యనుచున్నారు. అందు మొదట గత సభ మినిట్సును ధ్రువపరచుట, పిమ్మట జమాఖర్చుల అంగీకారము. అటుపై వరుసగా కాలిన మోటారును చుట్టించుట, బోరు మరమ్మతు, పైపు పగులు పూడ్చుట, బ్లీచింగు పొడి కొనుగోలు, వీధిదీపములు, మురుగు కాలువ పూడిక, పారిశుద్ధ్య కార్మికుల జీతములు, వేసవి ట్యాంకర్ల బిల్లు, సంత వేలము. ప్రతి అంశమును "ఆమోదించుటను గూర్చి" యను మాటలతో ముగియును. ఇందు వీరరసము లేదు. వార్తాపత్రిక మొదటి పుటకెక్కు శీర్షిక లేదు. కాని ఊరి ఆరోగ్యమును, ఊరి దప్పికయు, ఊరి ధనమును ఈ ఆకర్షణలేని పంక్తులలోనే యున్నవి.

ఈ పంక్తులు ఎట్లు తీర్మానములగుచున్నవో చూతము. సభ్యులకు ఎజెండా ముందుగా అందవలెను. కాని పెక్కుచోట్ల ముఖ్యమైన అంశములు సభ ప్రారంభమైన పిదప బల్లమీదికి వచ్చుచున్నవి. టేబుల్ ఎజెండా యని దానికొక గౌరవనామము ఏర్పడినది. మరికొన్ని అంశములు, పని జరిగి బిల్లు సిద్ధమైన పిమ్మట, ధ్రువీకరణమునకై మాత్రమే సభకు వచ్చుచున్నవి. పెండ్లి జరిగిన మరునాడు పెండ్లిచూపులకు పిలిచినట్లు! అంశము చదువుదురు, "పాస్, పాస్" అందురు, తరువాతి అంశమునకు పోవుదురు. ఇంకను హీనమైన రీతి యొకటి కలదు. సభయే కూడదు. మినిట్సు పుస్తకము ఇంటింటికి నడచును. ఒక సభ్యుడు అరుగుమీద, ఇంకొకడు చేనిగట్టున సంతకము చేయును. "సభ్యులందరు ఏకగ్రీవముగా ఆమోదించిరి" అని పైన వ్రాతయుండును. ఏకగ్రీవమనగా ఒక్క కంఠమని యర్థము. ఇచ్చట ఆ ఒక్క కంఠమైనను వినబడలేదే!

దీనికి కొందరు అనుభవజ్ఞులు బదులు చెప్పుదురు. "బల్బు మార్చుటకును చర్చయేనా? ప్రతి చిన్నపనికి ఉపన్యాసములు మొదలైనచో కక్షలు రేగును, పనులు నిలుచును. త్వరగా ముగించుటయే మేలు" అని. ఈ వాదమును త్రోసివేయరాదు. మాటలతో ప్రొద్దుపుచ్చి, కుర్చీలు విసరుకొని, ఒక్క పనియు చేయని సభలును లేకపోలేదు. నిత్యకృత్యములు వేగముగా సాగవలసినదే. కాని వేగము వేరు, చీకటి వేరు. నలుగురెదుట అంశమును చదివి, ఖర్చు మొత్తమును చెప్పి, "అభ్యంతరమున్నదా?" యని యడిగి, క్షణమాగి ముందుకు సాగుటకు ఎంత కాలము పట్టును? పది అంశములకు పావుగంట చాలదా? ఆ పావుగంటను మిగిల్చి మనము పోగొట్టుకొనుచున్నదేమి? ఎందుకు ఈ వీధికి ముందు, ఆ వీధికి వెనుక యను ప్రశ్నకు సమాధానము. చర్చ లేనిచోట కక్షలు లేవనుట భ్రమ. అవి సభను విడిచి వీధికెక్కుచున్నవి.

పూర్వుల మాట తలంతము. 1882 మే 18వ తేదీన రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి ప్రసిద్ధమైన తీర్మానము చేసెను. మన అనంతపురము జిల్లా బళ్ళారినుండి వేరుపడినదియు ఆ సంవత్సరముననే. పరపాలకులు ఇచ్చిన ఆ కొద్దిపాటి అధికారమును మన పెద్దలు చిన్నచూపు చూడలేదు. రాజగోపాలాచారిగారు 1917లో సేలము పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. జవాహర్‌లాల్ నెహ్రూగారు 1923లో అలహాబాదులోను, వల్లభభాయి పటేలుగారు 1924లో అహమ్మదాబాదులోను ఆ పీఠముల నధిష్ఠించిరి. దేశమును నడుపువారు మొదట మురుగుకాలువల లెక్కలు చదివిరి. ఇక చీరాల-పేరాల కథను తెలుగువాడు మరువగలడా? ఆ రెండు ఊళ్ళను కలిపి పురపాలక సంఘముగా జేసి పన్నులు హెచ్చింపగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో ప్రజలు ఇండ్లువాకిండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పాకల పల్లె కట్టుకొని నెలలతరబడి కాపురముండిరి. పన్ను భారమొక్కటియే వారిని కదలింపలేదు. తమ్మడుగక తమ ఊరిని గూర్చి నిర్ణయించిరన్న అవమానము కదలించెను. నేడు మనల నడిగి నిర్ణయించు హక్కు చట్టమున నున్నది. అడుగుమని మనమే అడుగకున్నాము.

రాజ్యాంగమునకు చేసిన 73, 74వ సవరణములు 1993లో అమలులోనికి వచ్చెను. పంచాయతీలకును పురపాలక సంఘములకును ఐదేండ్ల గడువు నిర్ణయించి, ఆ గడువు తీరకముందే ఎన్నికలు జరుపవలెనని శాసించినవి. జరిగినదేమి? ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టునందు గ్రామ పంచాయతీల గడువు తీరెను. ఎన్నికలు జరిగినది 2021 ఫిబ్రవరిలో. నడుమ రెండున్నర యేండ్లు ప్రత్యేకాధికారుల పాలనము. మోటార్లు చుట్టించిరి, దీపములు వెలిగించిరి; అధికారులందరు చెడ్డవారని మేమనము. కాని ఆ కాలమున సభ లేదు. ఎదురు ప్రశ్న వేయు వార్డు మెంబరు లేడు. నిర్ణయము ఫైలులో పుట్టి ఫైలులోనే నిలిచెను. అంతకాలము సభలు లేకున్నను చాల ఊళ్ళలో ఆ లోటు ఎవరికిని తోచలేదన్నచో, అంతకుముందు జరిగిన సభలు ఎట్టివో ఊహింపవచ్చును. జీవముగల సభను మూసినచో ఊరు ఊరకుండునా?

ధనమును గూర్చి యొక మాట. 2021-26 కాలమునకు 15వ ఆర్థిక సంఘము గ్రామములకిచ్చు నిధులలో నూటికి 60 వంతులు త్రాగునీరు, పారిశుద్ధ్యములకే కట్టుబడి యుండవలెనని నియమించెను. మిగిలిన 40 వంతులను స్థానికావసరములకు, జీతములు మొదలగు వానికి దక్క, వినియోగించుకొన వీలు కలిగించెను. అనగా ఊరి సభ తన దప్పికను తాను తీర్చుకొనుటకు ఉద్దేశించిన సొమ్మిది. 2021లో పంచాయతీల ఖాతాలలోని ఆర్థిక సంఘపు సొమ్మును ప్రభుత్వము విద్యుచ్ఛక్తి బకాయిలక్రింద మళ్ళించినదని పెక్కుచోట్ల సర్పంచులు ఆందోళన చేసిరి. వారి కోపము న్యాయమైనది. కాని అదే న్యాయము సర్పంచులకును వర్తించును గదా! పైవారు తమ్మడుగక సొమ్ము తీసిరని వగచువారు, తాము క్రిందివారి నడుగక సొమ్ము తీయరాదు.

పల్లెవారికి లెక్కలు తెలియవు, సభలు పట్టవు అనువారికి ఈ జిల్లాయే సమాధానము చెప్పినది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన ప్రారంభమైనది అనంతపురము జిల్లా నార్పల మండలమందలి బండ్లపల్లిలోనే. ఆ పథకపు చట్టము గ్రామసభయే సామాజిక తనిఖీ జరుపవలెనని విధించెను. కూలివారు తమ పేరిట వ్రాసిన దినముల లెక్క చదువగా విని, "ఆ దినము నేను పనికి పోలేదు, ఆ సంతకము నాది కాదు" అని నిలిచి చెప్పగలిగిరి. పిమ్మట 2024 ఆగస్టు 23వ తేదీన రాష్ట్రమందలి 13,326 పంచాయతీలలో ఒకే దినమున గ్రామసభలు జరిపి, సుమారు 4,500 కోట్ల రూపాయల పనులకు తీర్మానములు చేసిరి. మంచిదే. పండుగనాడు ఊరెల్ల దీపములు వెలుగుట కన్నులపండువు. కాని ఏడాదికి మిగిలిన మూడువందల అరువదినాలుగు రాత్రులు వీధి చీకటిగా నున్నచో ఆ పండుగ దేనికి? ఆ దినము మంజూరైన పనులలో ఏది మొదలయ్యెను, ఏది ముగిసెను, ఎంత ఖర్చయ్యెను అని తరువాతి మామూలు సభలో అడుగువాడే ఆ పండుగను సార్థకము చేయువాడు.

లెక్క చెప్పని వానికి సభలో చోటు లేదన్నది క్రొత్త మాట కాదు. తమిళనాట ఉత్తరమేరూరులో పదియవ శతాబ్దినాటి పరాంతక చోళుని శాసనములు, ఊరి వారియములలో నుండి లెక్క లొప్పజెప్పనివాడు మరల ఎన్నికకు తగడని స్పష్టముగా చెక్కి చూపుచున్నవి. ఇంగ్లండులో 1960 నాటి చట్టము స్థానిక సంఘముల సభలకు పత్రికలవారిని, ప్రజలను రానీయవలెనని శాసించెను. ఆ బిల్లును ప్రతిపాదించిన క్రొత్త సభ్యురాలు మార్గరెట్ థాచర్, తరువాత ఆ దేశమునకు ప్రధానమంత్రిణి. మన దేశమున 2005 నాటి సమాచార హక్కు చట్టపు 4వ విభాగము, ప్రతి ప్రభుత్వ సంస్థయు తన సంఘముల సభలకు ప్రజలు రావచ్చునా, వాని మినిట్సు ప్రజలకు లభించునా యనునది ఎవరును అడుగకమునుపే ప్రకటింపవలెనని చెప్పుచున్నది. ఆయుధము గోడకు వ్రేలాడుచున్నది. తీయు చేయి కావలెను.

స్త్రీలమాట చెప్పక ఈ విషయము ముగియదు. రాజ్యాంగ సవరణము మూడవవంతు స్థానములను, పిమ్మట మన రాష్ట్రము సగము స్థానములను వారికి కేటాయించెను. కాని పెక్కుచోట్ల ఎన్నికైనది భార్య, కుర్చీలో కూర్చున్నది భర్త. నీరు మోయునది ఆమె, నీటిని గూర్చి మాటలాడునది ఆయన. కుళాయి ఏ వేళ వచ్చినచో కూలికి పోవు ఇల్లాలికి అనుకూలమో ఆయన కేమి తెలియును? ఆమె సంతకము చాలునను సభ ఆమె జ్ఞానమును పారవైచుకొనుచున్నది. కరవుసీమలో ఇంతకు మించిన దుబారా లేదు.

ఇక చేయవలసినదేమి? చదువరులైన పట్టణవాసులు, గ్రంథాలయములలో దినపత్రికకై వేచియుండు మహాశయులు ముందడుగు వేయవలెను. మొదటిది, ఎజెండా సభకు కొన్ని దినములు ముందే పంచాయతీ గోడపైనను, పఠనాలయపు బల్లపైనను కనబడవలెను. రెండవది, ప్రతి ఖర్చు అంశమును మొత్తముతో సహా సభలో బిగ్గరగా చదువవలెను. అత్యవసరము దక్క టేబుల్ ఎజెండా పనికిరాదు. అత్యవసరమేమో మినిట్సులో వ్రాయవలెను. మూడవది, భిన్నాభిప్రాయము చెప్పిన సభ్యుని పేరును అతని కారణమును పుస్తకమున కెక్కవలెను. నాలుగవది, సభ ముగిసిన వారములోగా మినిట్సు ప్రతి పఠనాలయమునకు చేరవలెను. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము పుట్టినది పురాణకాలక్షేపమునకు మాత్రమే కాదు, పౌరుని తీర్చిదిద్దుటకు. మినిట్సు పుస్తకముకంటె ఊరివారికి ఉపయోగమైన గ్రంథమేది?

ఈ నాలుగింటికిని క్రొత్త పన్ను అక్కరలేదు. పై అధికారి ఉత్తరువునకై వేచియుండనక్కరలేదు. ఒక కాగితము, కొంచెము జిగురు, నలుగురు శ్రోతలు చాలును. ఖాళీ బల్లల యెదుట చదివిన తీర్మానమునకును, వెనుక వరుసలో నలుగురు కూర్చుండి వినుచుండగా చదివిన తీర్మానమునకును గల భేదము సర్పంచునకు తెలియును, కార్యదర్శికి తెలియును, బిల్లు వ్రాసిన గుత్తేదారునకు మరింత బాగుగా తెలియును. రాబోవు సభ తేదీ ఏదియో రేపే పోయి కనుగొనుడు. ఆ దినమున పోయి వెనుక వరుసలో కూర్చుండుడు.