చూసే తెర, రాసే చెయ్యి

మూడో తరగతి పిల్లల చేతికి రెండో తరగతి స్థాయి పాఠం ఒకటి ఇచ్చి చదవమంటే ఎంతమంది చదవగలరు? 2022లో ప్రథమ్ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో జరిపిన ‘అసర్’ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 10.3 శాతం, తెలంగాణలో 5.2 శాతం. అంతకు నాలుగేళ్ల ముందు ఇదే సర్వేలో ఈ సంఖ్యలు 22.6, 18.1. కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి కాబట్టి ఇంతగా పడిపోయాయని సరిపెట్టుకోవచ్చు. కానీ కరోనా ఊసే లేని 2018లో కూడా నూటికి దాదాపు ఎనభైమంది చదవలేకపోయారు కదా! దాని గురించి అప్పుడెవరూ నిద్ర మానుకున్నట్టు లేదు.

ఆ 2022 డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు. ఆ తర్వాత నల్లబల్ల ఉండే గోడల మీదికి పెద్ద పెద్ద టచ్ ప్యానెళ్లు ఎక్కాయి. తెలంగాణ ఉన్నత పాఠశాలలకూ అవి చేరాయి. ఇదంతా దండగ ఖర్చు అనేవారితో మేం ఏకీభవించం. పట్నంలో లక్షలు కట్టి చదివే పిల్లవాడికి ఉన్న వసతి పల్లెలో కూలివాళ్ల పిల్లకు ఎందుకు ఉండకూడదు? మా బెంగ అది కాదు. ఆ తెర ముందు కూర్చున్న పిల్లలు ఏం చేస్తున్నారన్నదే మా బెంగ.

చాలాచోట్ల చూస్తున్నారు, అంతే. పాఠం వీడియోగా వస్తుంది. గొంతు కథ చెబుతుంది, బొమ్మలు కదులుతాయి, పిల్లలు కళ్లప్పగించి చూస్తారు. చివర్లో నాలుగు జవాబులిస్తే ఒకటి నొక్కుతారు. ఆ పీరియడు మొత్తంలో ఒక పిల్ల తనంతట తాను చదివిన వాక్యాలెన్ని? సొంతంగా రాసినవెన్ని? చాలా తరగతుల్లో జవాబు సున్నా. తెరకు అన్నీ తెలుసు. పిల్లల చేత పలికించడం, రాయించడం మాత్రం దానంతట అది చెయ్యదు.

తరగతి గదిలోకి యంత్రం రావడం ఇది మొదటిసారి కాదు. ఫ్రాన్సు దక్షిణాన బార్-సుర్-లూ అనే పల్లెలో సెలెస్తాన్ ఫ్రెనే అనే ఉపాధ్యాయుడు 1924లో తన బడికి ఒక చిన్న అచ్చుయంత్రం తెచ్చుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తికి గాయమైన మనిషి. గంటలకొద్దీ గొంతెత్తి పాఠం చెప్పే శక్తి లేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని పొలాలకూ వడ్రంగి దగ్గరికీ నేతగాడి దగ్గరికీ వెళ్లేవాడు. తిరిగొచ్చాక పిల్లలు చూసింది రాసేవారు. ఏ రచన అచ్చు వెయ్యాలో తరగతి అంతా కలిసి ఎంచుకునేది, కలిసి దిద్దేది. ఆ పైన సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చి అచ్చు తీసేవారు. ఆ కాగితాలు దేశం ఇంకో మూల బ్రిటనీ తీరంలోని ట్రెగంక్ బడికి టపాలో వెళ్లేవి, అక్కడి పిల్లల కాగితాలు ఇక్కడికి వచ్చేవి.

ఇందులో ముఖ్యమైన విషయం యంత్రం కాదు. అక్షరం చేత్తో పేర్చే పిల్లవాడు ఒక్క అక్షరాన్ని కూడా చూడకుండా దాటలేడు, అది ఒకటి. తాను రాసింది పంతులుగారు ఎర్రసిరాతో కొట్టెయ్యడానికి కాదు, ఎక్కడో ఉన్న మరో పిల్లవాడు చదవడానికి అన్న ఎరుక రెండోది. ఈ రెండూ ఉంటే చదువూ రాతా వాటంతటవే వస్తాయని ఫ్రెనే బడి చూపించింది.

అంత దూరం పోనక్కర్లేదు. ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ వారి ప్రకృతి బడి నుంచి 2008లో ‘కొత్తపల్లి’ అనే పిల్లల పత్రిక మొదలైంది. పల్లెపిల్లలు రాసిన కథలు, గీసిన బొమ్మలు అందులో వచ్చాయి. ఎవరైనా చదువుకోవచ్చు, పంచుకోవచ్చు అని నెట్‌లో పెట్టారు. కరువుసీమలోని పిల్లలు తమ ఇంటి తెలుగులో రాసిన కథల్ని విదేశాల్లోని తెలుగు తల్లిదండ్రులు తమ పిల్లలకు చదివి వినిపించగలిగారు. కంప్యూటరు అక్కడ చూసే వస్తువు కాదు, పనిముట్టు.

మన ట్యాబ్‌లు, ప్యానెళ్లు అలాంటి పనిముట్లు కావాలి. చేతిలో ఉన్నవాటితో అయ్యే పనులే చెబుతాం.

మొదటిది తెలుగు టైపింగు. మన పిల్లలకు ఫోన్ కొత్తకాదు. 2024 అసర్ సర్వేలో ఫోన్ వాడటం తెలుసన్న 14–16 ఏళ్ల పిల్లల్లో దేశం మొత్తం మీద పల్లెల్లో 57 శాతం సర్వేకు ముందు వారంలో దాన్ని చదువుకు వాడితే, 76 శాతం సోషల్ మీడియాకు వాడారు. మన ఇళ్లలో చూస్తే, పిల్లలు రోజూ రాస్తూనే ఉన్నారు. తెలుగు మాటల్నే రాస్తున్నారు, ఇంగ్లిషు అక్షరాల్లో. వాళ్లకు తెలుగు మీటల పలక (కీబోర్డు) ఎవరూ చూపించలేదు.

చూపిస్తే ఏమవుతుందో ఒక్క పదంతో చెప్పవచ్చు. ‘స్త్రీ’ అని చేత్తో రాసే పిల్ల ముందు ‘సీ’ రాసి, కింద త ఒత్తు, ర ఒత్తు తగిలిస్తుంది. బొమ్మ గీసినట్టు గీస్తుంది. ఒత్తులు ఎందుకక్కడున్నాయో చాలామందికి తెలియదు. అందుకే ఒకటి మరిచిపోతారు, లేదా తారుమారు చేస్తారు. అదే మీటల మీద కొట్టాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం: ఆరు మీటలు, నోటితో పలికే వరసలోనే. ముందే దీర్ఘం కొడితే పదం చెడిపోతుంది. ఏ ధ్వని తర్వాత ఏ ధ్వని వస్తుందో నోట్లో పలుక్కుని, తేల్చుకుని కొట్టాలి. గుణింతాలూ ఒత్తులూ వందసార్లు ఇంపోజిషన్ రాయించినా రాని స్పృహ ఇక్కడ వేలికొసకు వస్తుంది. చేతిరాత మానేయమని కాదు. రెండూ పక్కపక్కన నడవాలి.

రెండోది, పాట. ఐఐఎం అహ్మదాబాద్‌లో బ్రిజ్ కొఠారీ 1996లో మొదలుపెట్టిన ఆలోచన చాలా తేలికైనది. టీవీలో సినిమా పాట వస్తుంటే అదే భాషలో సాహిత్యం కింద అక్షరాల్లో నడవాలి, పాడుతున్న మాట రంగు మారాలి. నోటికి వచ్చిన పాట కాబట్టి కన్ను అక్షరాన్ని వెంబడిస్తుంది. దూరదర్శన్ పాటల కార్యక్రమాల్లో దాన్ని ఏళ్ల తరబడి నడిపారు. మన దగ్గర లిరికల్ వీడియోలకు కొదవలేదు గానీ వాటిలో చాలావాటి కింద తెలుగు పాట ఇంగ్లిషు లిపిలో పరుగెడుతుంది. ఆ అక్షరాలు తెలుగులో వేస్తే నిర్మాతకు పోయేదేమీ లేదు. బడిలో ఆ పెద్ద ప్యానెల్ మీద వారానికి రెండు పాటలు తెలుగు అక్షరాలతో పాడిస్తే పిల్లలు వద్దనరు.

మూడోది, రికార్డింగు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతున్నాయి. ఒక కథ ఎంచుకుని, అందులో ఒక పేజీ పిల్లవాడు పైకి చదివి, ట్యాబ్‌లో రికార్డు చేసుకుని, పుస్తకం చూస్తూ తన గొంతే తాను వినాలి. ఎక్కడ మాట మింగాడో, ఎక్కడ చూడకుండా ఊహించి చదివేశాడో తనకే తెలుస్తుంది. మళ్లీ చదువుతాడు. నలభైమంది ముందు తడబడి నవ్వులపాలయ్యే బాధ ఉండదు. వెనక బెంచీలో నోరు విప్పని పిల్లలకు ఇంతకన్నా మేలు చేసేది మాకు కనిపించదు.

ఇక వ్యాసాలు రాసిపెట్టే కృత్రిమ మేధ. ‘మా ఊరి జాతర’ అని అడిగితే క్షణంలో పేజీ నింపుతుంది. తప్పులు పెద్దగా ఉండవు, ఆ ఊరి జాతరా ఉండదు. సొంత వాక్యం ఇంకా కుదురుకోని వయసులో దాని చేత రాయించుకోవడం పిల్లలకు హాని. ఉపాధ్యాయులు సాపుప్రతికే కాకుండా చిత్తుప్రతికీ, దిద్దుకున్న తీరుకూ మార్కులు వేస్తే ఆ వ్యామోహం చాలావరకు తగ్గుతుంది.

ఇవన్నీ చేయవలసిన ఉపాధ్యాయుల సంగతీ చెప్పాలి. బడిలోకి వచ్చిన సాంకేతికతలో పెద్దభాగం వాళ్ల నెత్తినే పడింది. హాజరు, భోజనం లెక్క యాప్‌లలో నమోదు చెయ్యాలి; ఒక దశలో మరుగుదొడ్ల ఫోటోలు కూడా పెట్టవలసి వచ్చింది. పిల్లవాడి పక్కన కూర్చుని ఒక్క వాక్యం దిద్దే తీరిక లేని పంతులుకు ఎంత పెద్ద ప్యానెల్ ఇచ్చినా దాన్ని ఆన్ చేసి పక్కన నిలబడటమే మిగులుతుంది. పిల్లల చేత రాయించాలనుకునే ప్రభుత్వం ముందు పంతుళ్ల మీద యాప్‌ల భారం తగ్గించాలి.

రెండు ప్రభుత్వాలకూ మా విన్నపం ఇది. ప్రతి ట్యాబ్‌లో తెలుగు మీటల పలక, తెలుగులో రాసుకునే సదుపాయం ఉండేలా చూడండి. ఆరో తరగతి నుంచి వారానికి ఒక పీరియడు పిల్లల సొంత రాతకు విడవండి. ఆ రాతల్లోంచి ఏడాదికి రెండుసార్లు ప్రతి ఉన్నత పాఠశాలా పదహారు పేజీల పత్రిక తీసుకునేందుకు కాగితం, ముద్రణ ఖర్చు ఇవ్వండి. ట్యాబ్‌ల ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.

పాఠకులకు ఒక మాట. మీ ఊరి బడిలో అలాంటి పత్రిక వస్తే, లేదా గోడ మీద చేతిరాత పత్రిక కనిపిస్తే, నిలబడి చదవండి. చదివాక రాసిన పిల్లలకు పేరుపెట్టి నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి, తెలుగులో.