మరుగుదొడ్డిని కడిగే పానీయం కడుపును కాల్చునా?

ఇటీవల చికిత్స కొరకు వచ్చిన ఒక గృహిణి నాతో ఇలా అన్నారు: "డాక్టరుగారూ! నల్లని కూల్ డ్రింకు పోస్తే మా మరుగుదొడ్డిలోని చార పోయింది. ఇక అది త్రాగే పిల్లల పేగులు ఏమైపోవాలి? మీరు తప్పక పత్రికలో వ్రాయండి."

వ్రాస్తున్నాను, అయితే ఆమె కోరిన విధంగా మాత్రం కాదు.

ఆ పానీయం చారను పోగొట్టడం సత్యమే. అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం ఇనుప తుప్పును, బోరునీటి వలన పేరుకొనే సున్నపు పొరను కరిగిస్తుంది. మన పెద్దలు రాగి చెంబులను చింతపండుతో తోమినది కూడా పులుపుకు గల ఈ గుణం వల్లనే. ఆ చింతపండుతోనే చారు కాచుకొని త్రాగుతున్నాం. ఎవరి పేగులూ కరగలేదు. మన జఠరంలో ఊరే ఆమ్లం ఆ పానీయం కంటె తీవ్రమైనది. కనుక ఆమె వాదం నిలువదు. మంచి కొరకే అయినా వైద్యుడు అసత్యం పలుకరాదు. ఆ పిల్లలే రేపు పెద్దవారై నిజం తెలుసుకొన్ననాడు, మనం చెప్పిన తక్కిన హితవును కూడా త్రోసిపుచ్చుతారు.

అసలు దోషం వేరు. 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల పంచదార, అనగా ఆరు టీచెంచాలు గలదు. నిత్యం సేవిస్తే దంతాల పైపొర క్షీణిస్తుంది. స్థూలకాయానికి, మధుమేహానికి దారి ఏర్పడుతుంది. ప్రమేహ కారణాలలో బెల్లంతో చేసిన పదార్థాలను చరక సంహిత ఏనాడో పేర్కొన్నది.

ఇక శుభ్రత మాటకు వస్తే, పంచదార జిగురుకు చీమలు చేరుతాయి. అంతకంటె గోరువెచ్చని నీటిలో నిమ్మఉప్పు కరిగించి పోసి, అరగంట తరువాత తోమడం మేలు. అయితే ఏ పులుపునూ కడప బండలపైన, షాబాదు బండలపైన, పాలరాతిపైన పోయరాదు. అవి సున్నపురాళ్ల జాతివి, మెరుపు పోతుంది. బ్లీచింగు పొడితో ఎన్నడూ కలుపరాదు, విషవాయువు వెలువడుతుంది.

చివరకు ఆమెను ఒక ప్రశ్న అడిగాను: "అమ్మా, సీసాలో మిగిలినది ఏం చేశారు?"

ఆమె కొంత సిగ్గుపడి, "పారబోయలేక పిల్లలకే ఇచ్చానండీ" అన్నారు.

నా భయమంతా అదే. మరక కొరకు వచ్చిన సీసా మరకతో ఆగదు. దానిని గడప దాటి లోనికి రానీయకండి.