పెదకర్మ కార్డులో లేని మనిషి

వట్లూరు, పెదపాడు, ఏలూరు చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఓ పెద్దావిడ పోతే మర్నాటికి సెంటర్లో ఫ్లెక్సీ లేస్తుంది, వారం తిరక్కుండా పెదకర్మ కార్డు ఇంటికొస్తుంది. ఆ కార్డును ఓసారి నిదానంగా చదవండి. ఫొటో ఆవిడదే. దాని కింద పోయిన తేదీ, ఫలానావారి ధర్మపత్ని అన్న గుర్తింపు. ఆ తర్వాతంతా కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు. ఎవరు ఇంజనీరో, ఎవరు డల్లాస్‌లో ఉంటున్నారో బ్రాకెట్లలో. ఎనభై ఏళ్లు బతికిన మనిషి దేంట్లో దిట్టో, ఏ విషయంలో ఇంటిల్లిపాదీ ఆవిడ మాటే విన్నారో ఒక్క ముక్క ఉండదు. పిల్లలకు ప్రేమ లేక కాదు. తల్లిని తలుచుకోవడానికి మనం అట్టేపెట్టుకున్నవి త్యాగమూర్తి, అన్నపూర్ణ, సహనశీలి లాంటి నాలుగైదు మాటలే. అవి ఏ తల్లికైనా అతుకుతాయి, అందుకే ఏ ఒక్క తల్లినీ చూపించవు. ఆమె పనితనాన్ని, ఆమె తీసుకున్న నిర్ణయాలను చెప్పకుండా ఆమెను తలుచుకున్నామనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

గోదావరి జిల్లాల్లో వందేళ్లు దాటినా జనం నోట నిలిచిన గృహిణి ఎవరంటే ముందు గుర్తొచ్చేది డొక్కా సీతమ్మ గారు (1841–1909). లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. మంచిదే. అయితే ఆమె దయ గురించి విన్నంతగా ఆమె నిర్వహణ గురించి మనం వినం. రేవు దాటి ఏ పూట ఎందరొస్తారో తెలియని ఊళ్లో బియ్యం, పప్పు, కట్టెలు, విస్తళ్లు నిండుకోకుండా చూడటం మనసు మంచిదైనంత మాత్రాన అయ్యే పని కాదు. దానికి అంచనా కావాలి, లెక్క కావాలి, నలుగురి చేత పని చేయించుకునే నేర్పు కావాలి. అదే నేర్పు మగవాడి హోటల్లో కనిపిస్తే వ్యాపార దక్షత అంటాం. ఈ మధ్య కాలంలో గుంటూరు జిల్లా మస్తానమ్మ సంగతి చూడండి. నూరేళ్లు దాటానని చెప్పుకున్న ఆ అవ్వ 2018 డిసెంబరులో కన్నుమూసే నాటికి యూట్యూబులో లక్షల మంది ఆమె వంట చూశారు. కెమెరా పట్టుకున్నది ఆమె త్యాగాన్ని కాదు, చేతుల్ని. పొలం గట్టున కట్టెల పొయ్యి ముందు కూర్చుని, కత్తి వంక చూడకుండా గోళ్లతోనే అల్లం తొక్కు తీసే తీరు చూశాక ఆమెను ఇంకొకరితో పొరబడటం ఎవరి తరమూ కాదు.

మన ప్రభుత్వ లెక్కలకూ ఈ చూపు లేదు. ఇంటిపని మాత్రమే చేసే ఆడమనిషి జనాభా లెక్కల్లో పని చేయనివాళ్ల కింద చేరుతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వే మాత్రం వేరే కథ చెప్పింది: జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతుంటే, అదే పనిలో చెయ్యివేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటలు. అది అరవై ఏళ్లపాటు. కొల్లేటి పక్కన ఆ గంటల్లో ఇంకా చాలా ఇమిడి ఉంటాయి. బుడమేరు, తమ్మిలేరు పొంగి వరద వచ్చినప్పుడు ముందు అటకెక్కించాల్సింది విత్తనాలా, ఉప్పూ పప్పులా, దస్తావేజుల పెట్టా అన్నది అప్పటికప్పుడు తేల్చింది ఎవరు? పాలవాడి లెక్క గోడ మీద గీతల్లో పెట్టి నెలాఖరుకు పైసా తేడా రాకుండా వసూలు చేసింది ఎవరు? చీటీ ఏ నెల పాడాలో, ఎవరికి హామీ ఉండకూడదో చెప్పింది ఎవరు? వరిచేలు చేపల చెరువులైనప్పుడు నాట్లు, కలుపు తీతల కూలి ఆడవాళ్లకు పోయింది. 2006లో కొల్లేరు అభయారణ్యం లోపలి చెరువులు కొట్టేసినప్పుడు వాటి మీద తెచ్చిన అప్పులు మిగిలాయి. కొల్లేరు గురించి రాసినవాళ్లు విస్తీర్ణం, కాంటూరు, పక్షులు లెక్కగట్టారు. ఆ ఏళ్లలో పొయ్యి ఎలా వెలిగిందన్న లెక్క ముసలమ్మల దగ్గరే ఉంది, వాళ్లతోపాటే పోతోంది.

ఆవిడే బతికుంటే ఇదంతా వద్దనేది అంటారు కొందరు. అనేదేమో. తన గురించి చెప్పుకోవడం గొప్పలకు పోవడమని నేర్పి పెంచాం, తీరా ఆ మొహమాటాన్నే ఆమె కోరికగా చూపిస్తున్నాం. మామూలు ఇల్లాలి బతుకులో రాయడానికి ఏముంటుందన్నది ఇంకో మాట. తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్లను దశాబ్దాల తర్వాత స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం కూర్చోబెట్టి అడిగితే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం వచ్చింది. నాయకుల పుస్తకాల్లో దొరకని సంగతులు అందులో ఉన్నాయి. అడిగేదాకా ఏమీ లేనట్టే ఉంటుంది. ఫోన్లో వీడియోలు బోలెడున్నాయి కదా అనేవాళ్లకు ఒక్కటే ప్రశ్న: వాటిలో ఆవిడ కేకు కొయ్యడం, చెయ్యి ఊపడం కాకుండా ఇంకేమన్నా ఉందా?

వీటన్నిటికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. నిర్ణయాలు రాయడం మొదలుపెడితే తప్పులూ రాయాలి. కోడలిని ఏడిపించిన అత్తగారు, కూతురి చదువు మాన్పించిన తల్లి, కులం పేరుతో ఒకరిని గడప అవతలే నిలబెట్టిన మామ్మ కూడా బయటికొస్తారు. పోయినవాళ్ల గురించి చెడు మాట్లాడటం మర్యాద కాదు, నిజమే. పెదకర్మ నాడు బంతిలో కూర్చుని తగువులు తవ్వమని నేనూ అనను. కానీ దేవతగా నిలబెట్టాక ఆ కోడలు పడ్డదానికి ఎక్కడా చోటు లేకుండా పోతుంది, మామ్మ చేసిన అసలైన మంచి కూడా నమ్మబుద్ధి కాదు. కొడుక్కి చెప్పకుండా గాజులు కుదువపెట్టి మనవరాలి ఫీజు కట్టిన మనిషీ, అదే కోడలితో పదేళ్లు మాట్లాడని మనిషీ ఒక్కరే కావచ్చు. రెండూ చెప్పగలిగినవాళ్లే ఆమెను ఎరిగినవాళ్లు.

కార్డు మీద మూడు వాక్యాలు చాలు. పుట్టింటి ఊరు, ఇంటిపేరు. చేతిలో ఉన్న పనితనం. ఇంటి దారి మార్చిన ఒక నిర్ణయం. ఖర్చేమీ పెరగదు, ఫ్లెక్సీకి చదరపు అడుగు లెక్కన తీసుకుంటారు గాని అక్షరాల లెక్కన కాదు. చోటు చాలకపోతే పెద్దల్లుడి హోదా ఒకటి తీసేయొచ్చు.